నక్కిలీసు గొలుసు ఎవరిది?

పాటకూ జనానికీ మధ్య ఇక దళారీ లేడనే మాట ఈ పదేళ్లుగా వింటున్నాం. చేతిలో ఫోనుంటే చాలట. సినిమా కంపెనీ గడప తొక్కక్కర్లేదు, రేడియో స్టేషన్ ఆడిషనక్కర్లేదు, అగ్రవర్ణ సంపాదకుడి దయ అసలే అక్కర్లేదు. గొంతున్నోడు గొంతుతోనే బతకొచ్చట. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా ధర నేలకు దిగిన దగ్గర్నుంచి మన దళిత మేధావులు కూడా ఈ మాట అంటున్నారు. ఇందులో అంతా అబద్ధమే అనను. కానీ పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో పాట పట్టుకుని తిరిగేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ వాదన సగం దారిలోనే ఆగిపోతోంది. మిగతా సగం సంగతి మనం మాట్లాడుకోవాలి.

ముందు ‘స్వతంత్ర గాయకుడు’ అనే మాటను కాస్త విప్పి చూద్దాం. నగరంలో దీనికి అర్థం తేలిక. సినిమాకు పాడకుండా, పెద్ద ఆడియో కంపెనీకి సంతకం పెట్టకుండా, సొంత పాట కట్టుకుని సొంతంగా విడుదల చేసుకునేవాడు. ఇలాంటివాళ్లలో ఇప్పుడొక విసుగు మొదలైంది. పాట కట్టడానికి పది రోజులు పడితే, దాని గురించి ఫోనులో చెప్పుకోవడానికి నెల పడుతోంది, ఇదంతా దేనికి అని. పేరున్నవాళ్లకీ ఇది తప్పలేదు. టిక్‌టాక్‌లో సంచలనం పుట్టించేదాకా తన పాట విడుదల చేయనంటోందని అమెరికా గాయని హాల్సీ 2022 మేలో తన కంపెనీ మీదే బహిరంగంగా ఫిర్యాదు చేసింది. ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినని పాటకు రాయల్టీ లేదని స్పాటిఫై 2024 నుంచి లెక్క మార్చేసింది. చిన్నవాడి చిల్లర పెద్దవాడి సంచిలోకి పోయే ఏర్పాటన్నమాట.

మా వైపు పాటగాడి సంగతి వేరు. జముకు పట్టినోడు, డప్పు మెడకు తగిలించినోడు ఏ కంపెనీకీ ఏనాడూ సంతకం పెట్టలేదు. ఆ లెక్కన అందరికంటే ముందు స్వతంత్రుడు వాడే. కానీ ఊరికి కట్టుబడి ఉన్నాడు. అమ్మోరి సంబరానికి డప్పు కొట్టడం ఊరి దృష్టిలో కళ కాదు, చాకిరీ. పిలిస్తే పోవాలి, పెట్టింది పుచ్చుకోవాలి, దూరంగా నిలబడాలి. వాడికి స్వాతంత్ర్యం రావాల్సింది కంపెనీ నుంచి కాదు, ఊరి నుంచి. అందుకే ఫోను మొదట్లో వాడికి విముక్తిలాగే కనపడింది. కొట్టమన్నప్పుడు కాకుండా కొట్టాలనుకున్నప్పుడు కొట్టొచ్చు. ఏప్రిల్ 14న తన పేటలో తనకోసం కొట్టుకున్న డప్పును ఎక్కడెక్కడో వలస పోయినోళ్లు కూడా చూడొచ్చు. జలంధర్ అమ్మాయి గిన్నీ మాహీ 2016లో తన కులం పేరును సగర్వంగా పాటలో పెట్టి పాడితే దేశమంతా విన్నది ఫోన్లలోనే. ఆ సంతోషాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. మరి ఆ తర్వాతేటయింది అన్నదే ప్రశ్న.

ఇక పలాస సంగతికి వద్దాం. 2020 మార్చి 6న కరుణ కుమార్ దర్శకత్వంలో ‘పలాస 1978’ సినిమా వచ్చింది. వీధి కళాకారుల కుటుంబంలో పుట్టిన ఇద్దరు దళిత అన్నదమ్ములు షావుకార్ల చేతిలో ఆయుధాలుగా మారిపోయిన కథ. తెలుగు సినిమా కులాన్ని ఇంత సూటిగా మాట్లాడటం అరుదు కనక దాన్ని ఆదరించినవాళ్లలో నేనూ ఉన్నాను. విడుదలైన మూడు వారాలకే లాక్‌డౌన్ పడి థియేటర్లు మూతపడ్డాయి. అందులోని ‘నక్కిలీసు గొలుసు’ పాటకు మాత్రం ఏ మూతా అడ్డం రాలేదు. ఫోన్లలో కోట్లసార్లు తిరిగింది. సినిమా పేరు తెలియనివాళ్లు కూడా ఆ పాటకు చిందులేశారు.

నక్కిలీసు అనే ముక్కలోనే మా నాలుక ఉంది. ఇంగ్లీషు నెక్లెస్‌ను నలగ్గొట్టి మా ఆడోళ్లు తమ మెడకు సరిపడా చేసుకున్న మాట అది. తెలుగు సినిమాలో శ్రీకాకుళం యాస చాలాకాలం పనిమనుషులదీ హాస్యగాళ్లదీ. ఆ యాసలో ఉన్న పాటకు నగరంలో పెళ్లివారు ఆడుతుంటే మొదట మాకూ బాగానే అనిపించింది. అయితే పాట వివరాల్లో సాహిత్యం ఎవరిదో చెప్పాల్సిన చోట ‘ఉత్తరాంధ్ర జానపదం’ అని ఉంటుంది. సంగీతం రఘు కుంచెది, గొంతూ ఆయనదే. సాహిత్యం దగ్గర ఆయన తన పేరు వేసుకోలేదు, మరో సినిమా కవి పేరూ వేయలేదు. పల్లె బాణీలు ఎత్తుకొచ్చి సంతకాలు పెట్టుకున్నవాళ్లు పుష్కలంగా ఉన్న రంగంలో అది నిజాయితీ అనే చెప్పాలి. కనక నా పేచీ ఆయనతో కాదు, ఆ రెండు మాటలతో.

కర్త తెలియనిది, నోటి నుంచి నోటికి వచ్చేది, సమష్టి సృష్టి – జానపదానికి యూనివర్సిటీలో మాకు చెప్పిన నిర్వచనం ఇది. కర్త తెలియదంటే ఎవరికి తెలియదు? పేటలో కూర్చుని ఓపిగ్గా అడిగితే ఈ చరణం ఎవరి నోట మొదట విన్నారో, ఈ విరుపు ఏ ఊరి మేళం తెచ్చిందో చెప్పేవాళ్లు ఉంటారు. తెలియనిది పుస్తకానికి. పాత కావ్యానికి కర్త ఎవరో తేలకపోతే పండితులు తరాల తరబడి కొట్టుకుంటారు. మా పాటకు కర్త తేలకపోతే జానపదమని రాసి దస్త్రం కట్టేస్తారు. సమష్టి సృష్టి అన్నది నిజమే అనుకుందాం. సమష్టికి కూడా ఊరూ పేటా కులమూ ఉంటాయి కదా. ఆస్తి పంచుకునేటప్పుడు ఉమ్మడి కుటుంబం అంటే ఎవరూ లేరని కాదు, అందరూ ఉన్నారని.

ఈ మాట చేసే పని మా ప్రాంతంవాళ్లకు కొత్త కాదు. సోంపేట బీలనూ కాకరాపల్లి తంపరనూ ఎవరికీ పనికిరాని నేలలన్నారు. చేపలు పట్టుకునేవాళ్లూ, గడ్డి కోసుకునేవాళ్లూ, పశువులు మేపుకునేవాళ్లూ ఆ కాగితాల్లో లేరు. కాగితంలో మనుషులు లేరు కనక థర్మల్ కంపెనీలకు ఇవ్వడం తేలికైంది. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గర కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాక గానీ అక్కడ మనుషులున్నారని బయటి లోకానికి తెలియలేదు. భూమి విషయంలో పోరంబోకు, బంజరు అనే మాటలు ఏం చేస్తాయో పాట విషయంలో జానపదం అనే మాట అదే చేస్తోంది. అందరిదీ అంటూ మొదలై, ముందొచ్చి కంచె కట్టుకున్నోడిది అవుతుంది.

ఇక్కడ మన విప్లవ సాంస్కృతిక చరిత్రను కూడా అడగాల్సిన మాట ఒకటుంది. ఉద్దానంలో జముకుల కథ అనగానే సుబ్బారావు పాణిగ్రాహి పేరు చెబుతారు. బొడ్డపాడు గుడి పూజారిగా ఉంటూ, జముకుల కథతో రైతాంగ పోరాటాన్ని ఊరూరా చెప్పి, 1969 డిసెంబర్‌లో ప్రాణమిచ్చినవాడు. ఆయన త్యాగాన్ని తక్కువ చేసే ఉద్దేశం లేదు. కానీ ఆయన కంటే ముందు ఆ జముకును తరాలుగా మోసిన కింది కులాల పాటగాళ్ల పేర్లు ఏ స్మారక సంచికలో ఉన్నాయి? కళారూపం ‘ప్రజలది’, కవి పేరు మాత్రం కవిది. విప్లవానికీ సినిమాకూ ఎంతో తేడా ఉంది గానీ ఈ ఒక్క చోట రెండూ ఒకే అలవాటులో పడ్డాయి.

పేరుంటే ఏం జరుగుతుందో చూడాలంటే వంగపండు ప్రసాదరావుని చూడాలి. 2009లో ‘మగధీర’ పాటలో తన పాట మాటలు వాడుకున్నారని ఆయన అభ్యంతరం చెబితే పత్రికలు రాశాయి, అది వివాదమైంది. ఆ పాట వంగపండుదని ఉత్తరాంధ్రలో పిల్లలకు కూడా తెలుసు, వెనక జననాట్యమండలి చరిత్ర ఉంది. అదే టెక్కలి పక్కన ఒక పేట మేళం వెళ్లి ఇది మా పాట అంటే? ఋజువేటి అంటారు. ఫోనులో ముందు ఎవడు పెట్టాడో వాడిదే ఋజువు.

సోషల్ మీడియా పని తీరు తెలియకుండా దాన్ని పొగడటం గానీ తిట్టడం గానీ కుదరదు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలో ఒక మేళం కొడుతోందనుకుందాం. చూడ్డానికొచ్చిన కుర్రాడెవడో ముప్పై సెకన్లు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు. దాని కింద ‘ఒరిజినల్ ఆడియో’ అని పడుతుంది, పక్కన ఆ కుర్రాడి ఖాతా పేరు. అతను దొంగ కాదు, మోజుకొద్దీ తీశాడు. యంత్రం అతన్నే కర్తను చేసింది. ఆ శబ్దం మీద వెయ్యి మంది ఆడితే వెయ్యి వీడియోల కిందా అతని పేరే. కొట్టిన చెయ్యి ఎవరిదో ఎక్కడా ఉండదు. యూట్యూబ్‌ది ఇంకో రకం. అక్కడ కాంటెంట్ ఐడీ అనే ఏర్పాటుంది. పెద్ద సంఖ్యలో రికార్డుల మీద హక్కులున్న కంపెనీలకే ఆ తాళం ఇస్తారు. కంపెనీ రికార్డు చేసిన జానపదాన్ని రేపు మేళంవాళ్లు తమ గొంతుతో పాడి పెట్టినా, బాణీ కలిసిందని యంత్రం పట్టుకోగలదు. అప్పుడు ప్రకటనల డబ్బు కంపెనీ వైపు మళ్లుతుంది. కాదని వాదించాల్సిన భారం పాడినోడిదే. అమ్మ పాటను బిడ్డ పాడుకోవడానికి అర్జీ పెట్టుకోవాలి.

డబ్బు సంగతి కూడా లెక్కేసి చూద్దాం. ప్రకటనల్లో వాటా కావాలంటే యూట్యూబ్ 2018లో పెట్టిన నియమం ప్రకారం 1,000 మంది చందాదారులుండాలి, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసుండాలి. లేదంటే పొట్టి వీడియోలకు 90 రోజుల్లో కోటి చూపులుండాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. నాలుగు నిమిషాల పాటను 60,000 సార్లు చివరిదాకా చూడాలి. ఇది పెద్ద అంకెలా కనిపిస్తుంది గదా. ఇప్పుడు రెండో వైపు చూడండి. తెల్లవార్లూ నడిచే జముకుల కథ ఎనిమిది గంటలనుకుందాం. ఐదొందల మంది ఇసకలో కూర్చుని వింటారనుకుందాం. ఐదొందలు ఎనిమిదుల నాలుగు వేలు. కంపెనీ ఏడాదిలో అడిగే వినికిడిని మా జముకువాడు ఒక్క రాత్రిలో సంపాదించగలడు. ఆ ఖాతాలో మాత్రం అది సున్నా. అలాంటి మేళంవాడి దగ్గరికి వెళ్లి నీకు శ్రోతలు లేరు, ఫోనులో పెట్టుకుంటే దొరుకుతారు అని చెప్పడం ఎంత పొగరు!

పైగా ఫోనుకి తగ్గట్టు పాడాలంటే కథను నరుక్కోవాలి. కథకుడు ఒక మాట అని ఆగుతాడు, వంత అందుకుంటుంది, జనంలోంచి ఎవరో ఒక వేళాకోళం విసురుతారు, దానికి జవాబు చెప్పి మళ్లీ కథలోకి వస్తాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే కథ. ముప్పై సెకన్లకు కోస్తే మిగిలేది ఊపు ఒక్కటే. నక్కిలీసు గొలుసులో లోకం తీసుకున్నది కూడా ఆ ఊపునే. పైగా స్టూడియో, ఎడిటింగ్, డ్రోను, డాన్సు అమ్మాయిలు, చివర వీడియోను నలుగురికీ తోయడానికి కంపెనీకే కట్టే డబ్బు – ఇదంతా పాటగాడి జేబులోంచి పోతుంది. పాడినోడికి ఊరు చాటెడు బియ్యమైనా పెట్టేది. ఇప్పుడు పాడటానికి తనే ఎదురు కట్టాలి.

అన్నీ కలిసొచ్చి కోట్ల మంది చూశారే అనుకుందాం. తూర్పుగోదావరి వడిసలేరులో కూలి పని చేసుకునే బేబి 2018లో పాడిన ఒక సినిమా పాట ఫోనులో తిరిగి ఎ.ఆర్. రెహమాన్ దాకా వెళ్లింది. మంచి గొంతు. కానీ లోకం ఆమె నోట విన్నది ఆమె పాటను కాదు, సినిమా పాటను. ఆ తర్వాత గాయనిగా నిలబడటానికి మళ్లీ సినిమా సంగీత దర్శకులే చెయ్యి అందించాలి. దళారీ లేడన్నవాళ్లు దీనికేం చెబుతారు?

కిన్నెర మొగులయ్యది ఇంకా పెద్ద పాఠం. దర్శనం మొగులయ్య, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు, దళితుల్లోనూ అట్టడుగున ఉంచిన కులం. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటలో ఆయన గొంతు కోట్ల ఫోన్లలో మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో హైదరాబాద్ శివార్లలో ఆయన కూలి పని చేస్తున్న దృశ్యం అవే ఫోన్లలో తిరిగింది. ఆ దృశ్యం చూసి ప్రభుత్వం కదిలి ఇంటి స్థలం ఇచ్చింది. ఫోనుకి ఆయన పాట ఎంత సరుకో ఆయన తట్ట మోయడం కూడా అంతే సరుకు. రెండు వీడియోలకీ మధ్య ఉన్న మనిషికి నెలనెలా ఇంత అని వచ్చే ఏర్పాటు ఏదీ అందులో లేదు.

ఆయన పెద్దవాడు, చదువు లేదు, మోసపోయాడు అని సరిపెట్టుకుంటారేమో. తమిళ గాయకుడు అరివుకి చదువుంది, రాజకీయముంది, కాస్ట్‌లెస్ కలెక్టివ్ లాంటి బృందముంది. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన అవ్వ వళ్లియమ్మాళ్ జ్ఞాపకంతో కట్టిన ‘ఎంజాయ్ ఎంజామి’ 2021 మార్చిలో వచ్చి లోకమంతా తిరిగింది. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ఆ పాట పాడిన ధీ ఉంది, అరివు లేడు. పా. రంజిత్ అడిగాక గొడవైంది. 2024 మార్చిలో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఆ పాట మీద తమకు ఒక్క పైసా రాలేదని చెప్పాడు. నగరం, చదువు, ఉద్యమం అండగా ఉన్నవాడి గతే ఇలా ఉంటే, వజ్రపుకొత్తూరు తీరంలో మేళం కట్టుకున్నోడికి మనమేం హామీ ఇస్తాం?

ఆడవాళ్ల మాట ఇంకా తక్కువగా వినపడుతుంది. కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్క కొట్టి, పొట్టు తీసి వేళ్లు కాల్చుకునే ఆడవాళ్లకు పాటలు కొదవ కాదు. కానీ ఫోను ముందుకు రావాలంటే ముఖం కావాలి. నల్లటి ముఖం కింద ఎలాంటి రాతలు రాస్తారో, పేరును బట్టి పేట పోల్చుకుని ఎంత మాట అంటారో మన అక్కచెల్లెళ్లకు తెలుసు. ఫ్యాక్టరీలో గుంపుగా పాడేటప్పుడు ఆ భయం లేదు. ఒంటరిగా పెట్టెలోకి చూసి పాడమన్నప్పుడు ఉంటుంది. గుంపు పాటను ఒంటరి ముఖంగా మార్చడమే ఈ సంత నియమం.

మరి ఫోను పనికిరాదా? పనికొస్తుంది, నేననేది దాని పనేదో తెలుసుకోవాలని. ఉద్దానం సగం ఊళ్లోనే ఉండదు. తీరం మత్స్యకారులు గుజరాత్ వెరావల్ పోతారు. మిగతావాళ్లు హైదరాబాదు, చెన్నై పోతారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూల్చేశాక వలస ఇంకా పెరిగింది. పడవ మీద ఉన్న కొడుకు దగ్గరికి సంబరం పాట వాట్సాప్‌లో చేరుతుంది. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మంచం మీదున్న మనిషి తన ఊరి కథ చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఇందులో అంకెలు లేవు, చందాదారులు లేరు, ప్రకటన లేదు. ఉత్తరం చేసే పని చేస్తోంది. మేళంవాళ్లలో ఆలోచన ఉన్నవాళ్లు ఫోన్ని ఉత్తరంగా వాడుకుంటున్నారు, సంతగా వాడుకోవడానికే వెనకాడుతున్నారు. దీన్ని వెనకబాటుతనం అనేవాళ్లకు ఆ సంత సంగతి తెలియదు.

ఇంకొకటి. 2012 జూన్ 12న లక్ష్మింపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. దాని మీద పాట కట్టి దృశ్యాలతో పెడితే ప్రకటనలకు తగని సున్నిత విషయమని యూట్యూబ్ ఆదాయాన్ని కుదించొచ్చు. నియమాల్లో అలాగే ఉంది. గొలుసు పోయిన పాటకు ఆ చిక్కు లేదు. ఏ పాటకు డబ్బొస్తుందో తెలిసిన కుర్రాడు రేపు ఏ పాట కడతాడో ఊహించడం కష్టమేం కాదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు దాన్నే నమ్ముకున్న కుర్రాళ్లకు ఒక్క రాత్రిలో వేదిక పోయింది. ఊరి సంబరం అలా పోదు.

ఈ వ్యాసం చదివే విద్యార్థులూ ఉపాధ్యాయులూ కార్యకర్తలూ చేయగలిగిన పనులున్నాయి. సభల్లో, జాతరల్లో మనమే ఎక్కువ వీడియోలు తీస్తాం. మన ఖాతాలో పెట్టే ముందు మేళంవాళ్లను అడగాలి. వాళ్ల ఖాతాలో ముందు పెట్టించి, ఆ తర్వాత మనం పంచుకోవాలి. కథ మొత్తం పెట్టొద్దని వాళ్లంటే ఆ మాట దగ్గర ఆగాలి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ 38బి సెక్షన్ తెచ్చింది. ప్రదర్శన ఇచ్చినవాడిని ఆ ప్రదర్శన తనదిగా గుర్తించమని అడిగే హక్కు అందులో ఉంది. పాములాడించేవాణ్ణి కూడా ఆ చట్టం కళాకారుడిగానే లెక్కేసింది. సినిమాలో పేరు వేయకుండా చిన్న తునకగా వాడుకున్న కళాకారుడికి మాత్రం ఈ హక్కును కూడా తీసేసింది, ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగిల్చింది. డప్పు కొట్టే పిల్లలకు మన విద్యార్థి సంఘాలు ఈ సెక్షన్ చదివి చెప్పాలి. రేపు సినిమావాళ్లు పలాసకో మందసకో మళ్లీ పాట కోసం వస్తారు. అప్పుడు ‘ఉత్తరాంధ్ర జానపదం’ అనే రెండు మాటలు చాలవని, ఏ ఊరు, ఏ మేళం, ఎవరు నేర్పారు, ఎవరు పాడి వినిపించారు అన్నది రాయాలని ముందే అడగాలి.

రికార్డు చేసేటప్పుడు మొదటి నిమిషంలోనే జముకు పట్టినోళ్లూ వంత పాడినోళ్లూ అందరూ తమ పేర్లూ ఊరూ గురువు పేరూ చెప్పాలని మా వైపు కొందరం అంటున్నాం. ఎడిటింగ్ కుర్రాళ్లు ఒప్పుకోరు. మొదటి పది సెకన్లలో ఊపు లేకపోతే జనం వేలితో తోసేస్తారు, పేర్లు చివర పెట్టండి అంటారు. చివరిదాకా ఎవరూ చూడరని వాళ్లకీ తెలుసు. పేర్లు మొదట్లోనే ఉండాలి.